మామ్మ మంచం కింద రేకు పెట్టె

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఆ పని ధనుర్మాసంలో మొదలవుతుందని అందరూ అనుకుంటారు. మా ఇంట్లో మాత్రం అది ముక్కనుమ మర్నాటి ఉదయమే మొదలయ్యేది. ముందు రోజు సాయంత్రం హారతి ఇచ్చి, ఒక బొమ్మను పడుకోబెట్టి, కొలువు ఎత్తేసిన తరువాత బొమ్మలన్నీ పాత పంచె ముక్కల్లో చుట్టుకుని అటక ఎక్కేవి. మర్నాడు స్టవ్వు వెలిగించేటప్పుడు ఖాళీ అయిన మొదటి అగ్గిపెట్టెను మా మామ్మ పారేయకుండా కొంగుతో తుడిచి, తన మంచం కింద ఉన్న రేకు పెట్టెలో వేసేది. ఆ చిన్న చప్పుడుతో మా ఇంట్లో వచ్చే సంక్రాంతికి ఏర్పాట్లు ఆరంభమైనట్టు లెక్క.

మా ఊరు తెనాలి, మా ఇల్లు గంగానమ్మపేటలో ఒక పెంకుటిల్లు. నేను చెబుతున్నవి 1970 దశకం నాటి సంగతులు. మా ఇంట్లో మామ్మ, తాతగారు, అమ్మానాన్నలు, టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్‌గా పనిచేసే బాబాయి, నేను, తమ్ముడు ఉండేవాళ్ళం. నాన్నగారి జీతం నెల చివరి దాకా రావడమే కష్టం కనుక, కొలువు అలంకరణ కోసం బజారులో డబ్బు ఖర్చుపెట్టే మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఆనవాయితీ ప్రకారం ఏటా ఒక కొత్త బొమ్మ కొనాలి. ఆ ఒక్క బొమ్మకే మామ్మ పోపుల పెట్టెలో చిల్లర దాచేది. తక్కినదంతా రేకు పెట్టెలో నుంచే రావాలి.

ఆ పెట్టెను అందరూ చిందరవందర సామాను అనుకునేవారు గాని, మామ్మకు దానిలో ఏది ఎక్కడ ఉందో చీకట్లో కూడా తెలుసు. ఒక హార్లిక్స్ సీసాలో పగిలిన ఎర్ర చేతిగాజుల ముక్కలు, ఇంకో సీసాలో ఆకుపచ్చ గాజు ముక్కలు, మూడో దానిలో తక్కిన రంగులన్నీ కలిపి ఉండేవి. కిరాణా కొట్టు పొట్లాలకు కట్టిన పురికొసను ముడులు విప్పి, ఉండగా చుట్టి పెట్టేది. పొట్లం విప్పేటప్పుడు తొందరపడి దారం తెంపితే మా వీపు మీద ఒకటి పడేది. పూలమ్మి వచ్చినప్పుడు మాల వెంట వచ్చే అరటి నార, చొక్కాల అట్టపెట్టెలు, సబ్బుల మీది మైనపు కాగితం, ఖరీదైన సిగరెట్ పెట్టెల్లో ఉండే వెండి కాగితం (ఇది మా ఇంటిది కాదు, ఎదురింటి ప్లీడరు గారి పుణ్యం), తారీఖులు అయిపోయిన క్యాలెండరు మీది దేవుళ్ళ పటాలు, ఆగస్టు 15న బడిలో కట్టిన తోరణాల్లో నుంచి మేము అడిగి తెచ్చుకున్న మూడు రంగుల జెండా కాగితాలు, కాలిపోయిన బల్బులు, కుట్టుమిషను దారం అయిపోయిన కొయ్య రీళ్ళు, బాబాయి జేబులో నుంచి రాలే టెలిఫోను కేబులు ముక్కలు దానిలో చేరేవి. ఆ కేబులు తొడుగు చీలిస్తే లోపల నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ రంగుల సన్నని తీగలు జడ విప్పినట్టు బయటికి వచ్చేవి. వాటితో అల్లిన పూలకు వాడిపోవడం లేదు కనుక, ఒకసారి చేసిన పూలు నాలుగైదేళ్ళ పాటు కొలువులో పూస్తూనే ఉండేవి.

శుభలేఖల కట్ట మాత్రం పెట్టెలో అన్నిటికన్నా అడుగున ఉండేది. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖను చించడానికి అమ్మ ఒప్పుకునేది కాదు. పెళ్ళయి ఏడాది తిరిగిన వాళ్ళ శుభలేఖలైతే ఫరవాలేదని మామ్మ ఒక నియమం కనిపెట్టింది. దానికి శాస్త్రం ఎక్కడుందో నేను ఇప్పటికీ అడగలేదు.

అగ్గిపెట్టెల గోపురం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటి అగ్గిపెట్టెలు అట్టవి కావు. పలుచని చెక్క పొరను మడిచి, దాని మీద నీలం కాగితం అంటించి చేసేవారు. స్టవ్వుకూ దీపారాధనకూ కలిపి మా ఇంట్లో వారానికి ఒక పెట్టె అయిపోయేది కనుక, ఏడాదికి 50కి పైగా పోగయ్యేవి. అడుగు వరుసలో 14, దాని మీద 12, ఆపైన 10, అలా రెండేసి తగ్గించుకుంటూ కొసకు 2 వచ్చేసరికి 56 పెట్టెలతో ఏడంతస్తుల గోపురం లేచేది. లెక్క ఎప్పుడూ నాలుగైదు పెట్టెలు తక్కువ పడేది. అప్పుడు పక్కింటి పిన్నిగారి దగ్గరికి వెళ్ళి, ఇంకా పుల్లలున్న పెట్టెను ఖాళీ చేయించి, పుల్లలు గిన్నెలో పోసి ఇచ్చి, పెట్టె తెచ్చుకున్న రోజులు ఉన్నాయి. ఆవిడ విసుక్కుంటూనే ఇచ్చేవారు. పేరంటానికి వచ్చినప్పుడు మాత్రం తన పెట్టె ఏ అంతస్తులో ఉందో చూపించమనేవారు.

అంటించడానికి జిగురు ఇంట్లోనే కాచేవాళ్ళం. మైదాపిండిని చన్నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి, సన్న సెగ మీద గరిటె ఆపకుండా తిప్పుతూ ఉంటే తెల్లని పిండి కాస్తా అద్దం లాగా మారి చిక్కబడుతుంది. దించే ముందు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు, బొద్దింకలు కొరకవు. అది విషం కనుక ఆ చిటికెడు వేసే అధికారం తాతగారిది. మేము ఇద్దరం గుమ్మం అవతల నిలబడి చూడాలి. ఆ జిగురు గిన్నెకు వంటింట్లో ప్రవేశం లేదు; పెరట్లో నూతి గట్టు మీద బోర్లించి ఉండేది.

గోపురానికి పైన అంటించే సొగసంతా మా వీధి చివరి దర్జీ గారి నుంచి వచ్చేది. మా ఊళ్ళో నాటకాల సందడి ఎక్కువ. ఆయన పద్యనాటకాలు ఆడేవాళ్ళకు కృష్ణుడి దుస్తులూ, దుర్యోధనుడి అంగరఖాలూ కుట్టేవారు. ఆయన మిషను కింద రాలిపడిన మఖమలు ముక్కలనూ, చమ్కీలనూ, జరీ అంచు పేలికలనూ చీపురుతో ఒక మూలకు ఊడ్చి మా కోసం ఉంచేవారు. దుర్యోధనుడి భుజకీర్తుల్లో మిగిలిన బేగడ మా గోపురంలో ద్వారపాలకుల కిరీటాలయ్యేది. ఒక ఏడు ముదురు ఎరుపు మఖమలు ఎక్కువగా దొరికితే కొలువులో దేవుడి మెట్టుకంతా పరిచాం. తాతగారు దాన్ని చూసి, ఈ మెట్టు దగ్గర ఎవరైనా రాగం అందుకుంటారేమో జాగ్రత్త అన్నారు.

తాతగారి మాట వచ్చింది కనుక ఆయన సీసాల సంగతి కూడా చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయనకు క్షయ వచ్చింది. అప్పట్లో దానికి స్ట్రెప్టోమైసిన్ సూదిమందు రోజూ వేయించాలి. కాంపౌండరు సైకిలు మీద వచ్చి సూది పొడిచి వెళ్ళేవాడు. బొటనవేలంత గాజు సీసా, దానికి రబ్బరు బిరడా, బిరడా మీద వెండిలాగా మెరిసే రేకు. ఇంట్లో అందరి ముఖాల్లోనూ దిగులు కనబడుతున్న ఆ రోజుల్లో మామ్మ ఒక్కతే ఆ సీసాలను కాగే నీళ్ళలో వేసి, ఆరబెట్టి, లెక్కపెట్టి దాచింది. అమ్మకు అది అపశకునంగా తోచింది. ఆ సంక్రాంతికి జబ్బు తగ్గుముఖం పట్టి తాతగారు లేచి కూర్చున్నారు. మామ్మ ఆ సీసాలను బయటికి తీసి, ఒక్కొక్క దానిలో పసుపు నీళ్ళు, కుంకుమ నీళ్ళు పోసి, కొలువు ముందు మేము వేసిన రోడ్డుకు రెండు పక్కలా వీధి దీపాలుగా నిలబెట్టమంది. తాతగారు పడక కుర్చీలో కూర్చుని, కర్రతో చూపిస్తూ, వాటి మధ్య ఎడం సమానంగా ఉండేలా మా చేత సర్దించారు. తరువాత, “ఈ రోడ్డు ఖర్చంతా నాది, దీనికి నా పేరు పెట్టండి” అన్నారు. తమ్ముడు నిజమే అనుకుని అట్టముక్క మీద పేరు రాసి అక్కడ పాతాడు. ఆయన మరో పదకొండేళ్ళు బతికారు. ఆ బోర్డు ప్రతి ఏడూ పెట్టాం.

రోడ్డు వేసేది రంపపు పొట్టుతో. కలప అడితిలో అడిగితే గోతాం నిండా ఊరికే ఇచ్చేవారు. దాన్ని ముగ్గు రంగులతో తడిపి, చాప మీద ఆరబోసి, పచ్చనిది పచ్చికకూ, ఎర్రనిది తోటలో బాటలకూ వాడేవాళ్ళం. ఊకకు రంగు సరిగా పట్టదు, పట్టినా గాలికి లేస్తుంది. రంపపు పొట్టే మేలు. పొలాలు మాత్రం నిజమైనవే ఉండాలి. కొబ్బరి చిప్పల్లోనూ, అంచు పగిలిన మూకుళ్ళలోనూ మట్టి నింపి, భోగికి పది రోజుల ముందు వడ్లు, వారం ముందు మెంతులు, నాలుగైదు రోజుల ముందు ఆవాలు చల్లాలి. ఆ చలికి మొలక బద్ధకిస్తుంది కనుక రాత్రిళ్ళు తడిగుడ్డ కప్పి వంటింట్లో పెట్టేవాళ్ళం. చీకట్లో మరీ ఎక్కువ రోజులు ఉంచితే మొలకలు పాలిపోయి, పసుపుపచ్చగా, సన్నగా పడిపోతాయి. మొక్క తల ఎత్తగానే ఎండలోకి మార్చాలని రెండేళ్ళు పాడుచేసుకున్నాక తెలిసింది.

నా సొంత ఘనకార్యం ఒకటుంది. తెనాలి మధ్య నుంచి మూడు కాలువలు పోతాయి: తూర్పు కాలువ, పడమర కాలువ, నిజాంపట్నం కాలువ. కొలువు ముందు మన ఊరినే ఎందుకు కట్టకూడదని నాకు పదేళ్ళ వయసులో బుద్ధి పుట్టింది. ఊరు కట్టడానికి అగ్గిపెట్టెలు ఉన్నాయి, మరి నీళ్ళు? అద్దం ముక్క పెడితే చెరువు అవుతుంది గాని కాలువ వంపు తిరగదు. అప్పటి పళ్ళ పేస్టు గొట్టాలు ప్లాస్టిక్కువి కావు, మెత్తని అల్యూమినియం రేకుతో చేసినవి. అయిపోయిన గొట్టాన్ని రెండు కొసలూ కత్తిరించి, నిలువునా చీల్చి, గుండ్రటి గరిటె వెనక వైపుతో రాస్తే అరచేయంత వెండి రేకు వచ్చేది. దాన్ని ఎటు కావలిస్తే అటు వంచవచ్చు. చిక్కల్లా గొట్టాల దగ్గర వచ్చింది. పిల్లలకు పేస్టు, పెద్దలకు వేపపుల్ల లేదా కచ్చిక అన్నట్టు ఉండే ఇంట్లో ఏడాదికి ఆరేడు గొట్టాల కన్నా అయిపోవు. తూర్పు కాలువ, పడమర కాలువ పూర్తయ్యాయి గాని నిజాంపట్నం కాలువకు రేకు చాలలేదు. భోగికి మూడు రోజులు ఉందనగా, నేను నిండు బినాకా గొట్టాన్ని నూతి గట్టు మీద కూర్చుని ఆకు మీదికి పూర్తిగా పిండి, కాలువ తవ్వేశాను. తరువాత నెల రోజులు ఇంటిల్లిపాదికీ కచ్చికే. వీపు సంగతి చెప్పనక్కర లేదు. నాన్నగారు ఆ సాయంత్రం కొలువు ముందు వంగి మూడో కాలువను చాలాసేపు చూసి, “వంతెన ఎక్కడ?” అని మాత్రం అడిగారు. బినాకాతో ఉచితంగా వచ్చే చిటికెన వేలంత ప్లాస్టిక్ జంతువులు అప్పటికి మా దగ్గర ఒక మంద ఉండేవి. జిరాఫీ, సింహం, ఏనుగు ఆ గట్టు మీద నీళ్ళు తాగుతూ నిలబడ్డాయి. తెనాలిలో జిరాఫీ ఏమిటని అడిగినవాళ్ళు లేరు.

ఇక 1977. ఆ ఏడు నవంబరు 19, శనివారం రాత్రి వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. 10 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. మేము సముద్రానికి దూరంగా ఉన్నాం కనుక మా మీదికి వచ్చింది గాలీ వానా మాత్రమే. అయినా ఆ గాలిని నేను మరిచిపోలేను. పెంకులు ఒక్కొక్కటిగా కాక, ఎవరో చేటతో చెరిగినట్టు గుంపులుగా లేచిపోయాయి. మేమంతా నడవలో ఒకే మంచం మీద దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ కూర్చున్నాం. మర్నాటి పగలు కాలువ గట్ల మీద చెట్లు వరుసగా పడి ఉన్నాయి. దివిసీమ వార్తలు అప్పటికి ఇంకా రాలేదు. అవి మెల్లగా, ఒక్కొక్క రోజూ ముందు రోజు కన్నా ఘోరంగా వచ్చాయి.

మా అటక మీద పైకప్పు మొత్తం పోయింది. బొమ్మల పెట్టె మూతలోకి రాత్రంతా నీరు దిగింది. నాలుగు రోజుల తరువాత బాబాయి దాన్ని కిందికి దించి విప్పినప్పుడు, కొండపల్లి దశావతారాలు రంగు వెలిసి, ఉబ్బి, కొయ్యలుగా మిగిలాయి. కాల్చని మట్టితో చేసి రంగులు వేసిన బొమ్మలు అసలు లేవు. రాజూ రాణీ, పచారీ సామాను ముందు పెట్టుకుని కూర్చునే శెట్టిగారి దంపతులు, రోట్లో దంపే అమ్మాయిలు, మామ్మ కాపురానికి వచ్చిన ఏడు తెచ్చుకున్న పెళ్ళికూతురు అందరూ కలిసి పెట్టె అడుగున ఒక ముద్ద అయ్యారు. ఆ ముద్దలో అక్కడక్కడ గులాబీ రంగు, నీలం రంగు చారలు ఉన్నాయి. అమ్మ ఏడ్చింది. మామ్మ ఏడవలేదు. ముద్దను గోకి గమేళాలో ఎత్తి, తులసికోట వెనక నీడలో పెట్టింది.

వారం తిరక్కుండానే మా వీధిలో కుర్రవాళ్ళు దివిసీమకు పంపడానికి బట్టలూ బియ్యమూ పోగుచేస్తూ మా గుమ్మంలోకి వచ్చారు. ఇంట్లో ఇవ్వదగిన బట్టలు అంతంతమాత్రం. మామ్మ రేకు పెట్టె తెరిచి, కొలువు మెట్లకు కప్పడానికీ, వెనక తెరగా కట్టడానికీ ఏళ్ళ తరబడి ఉతికి మడతపెట్టి దాచిన ఆరు పాత చీరలూ నాలుగు పంచెలూ తీసి ఇచ్చేసింది. చివరికి పురికొస ఉండ కూడా మూటలు కట్టుకోవడానికని ఇచ్చింది. ఆ పెట్టె అంత ఖాళీగా ఉండగా నేను అదివరకు చూడలేదు.

ఆ సంక్రాంతికి కొలువు ఉండదని మేము అనుకున్నాం. నాన్నగారు కూడా ఈ ఏడు వద్దులే అన్నారు. పెట్టిన కొలువు మానకూడదని, తొమ్మిది మెట్లు కాకపోతే మూడు చాలని, మామ్మ తన మాట నెగ్గించుకుంది. కొత్త బొమ్మకు దాచిన చిల్లర కూడా చీరలతో పాటే వెళ్ళింది కనుక బొమ్మలే లేని కొలువు. అదివరకు ఇంట్లో దాచినవాటితో అలంకరణ మాత్రమే చేసేవాళ్ళం. ఆ ఏడు దేవుళ్ళనూ మనుషులనూ కూడా వాటితోనే చేయవలసి వచ్చింది.

మొదట దొరికినవి తాటి టెంకలు. ముంజలు పోయి పండ్లు వచ్చిన కాలంలో పీచు చీకి, పెరట్లో ఎండబెట్టిన టెంకలు తేగల కోసం పాతగా కొన్ని మిగిలాయి. దువ్వెనతో దువ్వితే ఆ పీచు అచ్చం గడ్డంలా నిలుస్తుంది. పైభాగంలో పీచు గీకి, బొగ్గుతో కళ్ళు, విభూతితో రేఖలు పెట్టేసరికి ముని తయారయ్యాడు. ఏడింటిని చేసి సప్తర్షులన్నాం. కొయ్య రీళ్ళకు గుడ్డ పేలికలు చుట్టి, పైన రేగుపండు గుచ్చితే పేరంటాళ్ళు అయ్యారు. రోజులు గడిచేకొద్దీ రేగుపండ్లు ముడతలు పడి, ముక్కనుమ నాటికి వాళ్ళంతా ముసలమ్మలయ్యారు. కాలిపోయిన బల్బుకు దూది అంటించి, టెలిఫోను తీగతో మెడ వంచి, ఎర్ర గాజు ముక్కతో ముక్కు పెట్టి హంసను చేశాను. అది నాకు బాగా కుదిరింది. కొంచెం గర్వపడుతూనే చెబుతున్నాను. ఉబ్బిన దశావతారాలకు అమ్మ పసుపు, సున్నం, కాటుక, పారాణి తప్ప వేరే రంగు లేకుండా మళ్ళీ కళ్ళూ నామాలూ దిద్దింది. వరాహావతారం ముఖం పూర్తిగా పోయింది కనుక దాన్ని పక్కకు తిప్పి నిలబెట్టాం. మెట్లకు వార్తాపత్రికలు పరచవచ్చు గాని, అప్పటి పత్రికల నిండా దివిసీమ ఫోటోలే ఉన్నాయి. అమ్మ వాటిని మెట్ల మీద వేయనివ్వలేదు. బియ్యం గోతాలు ఉతికి పరిచాం.

భోగికి వారం ముందు మామ్మ తులసికోట వెనక నుంచి గమేళా తెచ్చింది. ఎండి గట్టిపడిన ఆ బొమ్మల మట్టిని నీళ్ళు చల్లి మెత్తబరచి, చేత్తో పిసికి, కాస్త ఇసుక కలిపి కొబ్బరి చిప్పల్లో నింపింది. నింపుతూ ఉండగా ఒకచోట ఇంకా కరగని చిన్న చేయి దొరికింది; అది రాణిదో పెళ్ళికూతురుదో తేలలేదు. మామ్మ దాన్ని కూడా మట్టిలోకి అదిమి, పైన మెంతులూ ఆవాలూ చల్లింది. నేను చిప్పలను వరుసగా గోడవారన పెడుతుంటే, “కాలు తగలనీయకే, రాజుగారూ శెట్టిగారూ అందరూ అందులోనే ఉన్నారు” అంది. రంగుల్లో ఏం కలిసిందో ఏమో గాని రెండు చిప్పల్లో ఏమీ మొలవలేదు. తక్కినవాటిలో ఆవాలు భోగి నాటికి రెండు వేళ్ళ ఎత్తు వచ్చాయి.

పేరంటానికి వచ్చినవాళ్ళు ఆ ఏడు ఎక్కువ మాట్లాడలేదు. మామూలుగా అయితే మా కొలువు ముందు గొప్ప రభస జరిగేది. ఫలానా ద్వారం మీది బంగారు అక్షరాలు మా అమ్మాయి శుభలేఖవి కదూ అని ఒకరు, ఆ జరీ ముక్క నా చీరదే అని ఒకరు, ఆ సీసా మూత మా ఇంటి నుంచే వచ్చిందని ఇంకొకరు, కొలువులో తమ ఇంటి వాటా వెతుక్కునేవారు. శనగలూ తాంబూలమూ పుచ్చుకుని కూడా కదిలేవారు కాదు. ఆ ఏడు ఒకావిడ కొబ్బరి చిప్పల దగ్గర కూర్చుని, విషయం విని, మొలకలను వేలి కొసతో ముట్టుకుని లేచి వెళ్ళారు. మర్నాడు తన ఇంటి కొలువులో నుంచి ఒక మట్టి ఆవును, దాని దూడను తెచ్చి మా మెట్టు మీద పెట్టారు. అవి ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

తరువాతి సంవత్సరాల్లో బొమ్మలు మళ్ళీ చేరాయి. పేస్టు గొట్టాలు ప్లాస్టిక్కువి అయ్యాయి, అగ్గిపెట్టెలు అట్టవి అయ్యాయి, పొట్లాల స్థానంలో ప్లాస్టిక్ సంచులు వచ్చి పురికొస మాయమైంది. మామ్మ పోయిన తరువాత రేకు పెట్టె నాకు వచ్చింది. అడుగు తుప్పు పట్టింది గాని మూత బిగువుగానే ఉంది. నేను చదివిన బడిలో ఒకసారి పనికిరాని వస్తువులతో కళాకృతుల పోటీ పెట్టి, బజారులో కొన్న థర్మకోలుతోనూ రంగు కాగితాలతోనూ చేసిన తాజ్‌మహల్‌కు మొదటి బహుమతి ఇచ్చారు. నా అగ్గిపెట్టెల గోపురానికి ఏమీ రాలేదు. ఆ ఉక్రోషం నాకు ఇంకా తగ్గలేదని ఒప్పుకుంటాను. ఇంటికి వచ్చి చెబితే మామ్మకు బహుమతి రాని సంగతి అర్థమైంది గాని, పోటీ పేరు అర్థం కాలేదు. పనికిరాని వస్తువంటే ఏదని రెండుసార్లు అడిగింది. ఇప్పుడు మా తెనాలి శిల్పులు పాత ఇనుప తుక్కును అతికి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారని చదివినప్పుడు ఆవిడ ఉంటే ఆ వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, పళ్ళచక్రాలు ఏ సైకిలువో ఆరా తీసేదని అనిపించింది.

హైదరాబాదులో మా అపార్ట్‌మెంటులో ఇప్పటికీ మూడు మెట్ల కొలువు పెడుతున్నాను. అట్టపెట్టెలకు ఇప్పుడు కరువు లేదు. రోజుకు ఒకటి గుమ్మంలోకి వస్తుంది. ఎల్‌ఈడీ బల్బులు తెల్లని ప్లాస్టిక్కుతో ఉండి హంసకు పనికివస్తాయి గాని త్వరగా కాలిపోవు. మా వారు నేను దాచే మాత్రల రేకులను చూసి, ఇది ఇల్లా పాత సామాన్ల కొట్టా అంటూ ఉంటారు. వాటి వెనక అల్యూమినియం పొరను ఊడదీసి కాలువ చేద్దామని చూశాను. అది మరీ పలుచగా ఉండి చిరిగిపోతోంది.

నా దగ్గర మిగిలిన పాతవాటిలో అన్నిటికన్నా గట్టిది చేతిగాజు ముక్కల గొలుసు. కొలువుకు తోరణంగా కట్టేది. సగం వలయానికి మించిన ముక్కను తీసుకుని, రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని, నడుమ భాగాన్ని బుడ్డి దీపం మంట మీద పెడితే కొంతసేపటికి అది ఎర్రబడి, మెత్తబడి, తనంతట తానే వంగుతుంది. గాజులో వేడి తొందరగా పాకదు కనుక వేళ్ళు కాలవు. ముక్క మరీ చిన్నదైతే మాత్రం కాలతాయి. కొసలు కలవబోయే ముందు రెండో కొక్కేన్ని దానిలో తగిలించి, ఇంకొంచెం వంచి మూసేయాలి. మామ్మ ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి వరుస తప్పకుండా గుచ్చేది. ఆవిడ చేసిన గొలుసులో ఇప్పుడు 63 కొక్కేలు ఉన్నాయి.

ఈ ఏడు దానికి నా చేత్తో ఒక కొక్కెం కలపాలనుకున్నాను. నా చేతికి ఉన్నవి బంగారు పూత గాజులు, మా అమ్మాయివి ప్లాస్టిక్కువి. చివరికి మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి తన చేతి ఆకుపచ్చ గాజు చిట్లితే నా కోసం కాగితంలో చుట్టి తెచ్చింది. బుడ్డి దీపం లేదు, కొవ్వొత్తి వెలిగించాను. మొదటి ముక్క విరిగిపోయింది. రెండోది వంగింది గాని మంటలో మరీ లోపలికి పెట్టడం వల్ల మసి పట్టి నల్లబడింది. మామ్మ అయితే బూడిదతో తోమేది. అపార్ట్‌మెంటులో బూడిద ఎక్కడ దొరుకుతుంది? చీర చెంగుతో తుడిచి చూశాను, సగమే పోయింది. 64వ కొక్కేన్ని అలాగే తగిలించి, నల్లని వైపు గోడకు తిప్పి కట్టాను.